'ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్'తో ప్రోగ్రామ్ పడిపోతే: లినక్స్‌లో మూలం పట్టుకునే పద్ధతి

రాత్రంతా నడవాల్సిన ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోయి, టెర్మినల్‌లో "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్ (కోర్ డంప్డ్)" అన్న ఒక్క లైను మిగిలితే, చాలామంది వెంటనే కోడ్‌లో డబుల్, ఫ్లోట్ వేరియబుల్స్ ఉన్న చోటల్లా వెతకడం మొదలుపెడతారు. ఇంటెల్, ఏఎండీ మెషిన్ల మీద ఆ వెతుకులాట ఎక్కువసార్లు వృథా. ఎవరూ ప్రత్యేకంగా అడగకపోతే అక్కడ ఫ్లోటింగ్ పాయింట్ లెక్క ఏదీ ప్రోగ్రామ్‌ను చంపదు. 1.0ని 0.0తో భాగిస్తే ఇన్ఫినిటీ వస్తుంది, 0.0ని 0.0తో భాగిస్తే నాన్ (సంఖ్య కానిది) వస్తుంది, ప్రోగ్రామ్ తన దారిన తాను సాగిపోతుంది. చంపేది మామూలు పూర్ణాంకాల భాగహారం. రెండింటికీ లినక్స్ పంపే సిగ్నల్ (తప్పు జరిగిందని ప్రోగ్రామ్‌కు వెళ్లే సందేశం) ఒక్కటే, సిగ్‌ఎఫ్‌పీఈ. దాని నంబరు 8. అందుకే షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 128కి 8 కలిపి 136 అని కనిపిస్తుంది. పేరులో ఫ్లోటింగ్ పాయింట్ అని ఉన్నా, పోజిక్స్ ప్రమాణం ఈ సిగ్నల్‌కు చెప్పే అర్థం 'తప్పు గణిత క్రియ' అని మాత్రమే.

కాబట్టి సోర్స్ కోడ్ తెరిచే ముందే, వచ్చింది ఏ రకమో తేల్చుకోవాలి.

ముందు కోడ్ నంబరు చూడండి

కోర్ ఫైలును, అంటే పడిపోయిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ నకలును, జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరవండి. సిస్టమ్‌డీ ఉన్న మెషిన్ అయితే 'కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీ' అంటే చివరిగా పడిపోయిన ప్రోగ్రామే తెరుచుకుంటుంది. లోపల 'పీ డాలర్ అండర్‌స్కోర్ సిగ్‌ఇన్ఫో' అని అడగండి. వచ్చే జాబితాలో 'ఎస్‌ఐ కోడ్' దగ్గరున్న అంకె చూడండి. 1 అయితే పూర్ణాంక భాగహారం. 3 అయితే ఫ్లోటింగ్ పాయింట్‌లో సున్నాతో భాగహారం, 4 ఓవర్‌ఫ్లో, 5 అండర్‌ఫ్లో, 6 ఇనెగ్జాక్ట్ (జవాబు కచ్చితంగా ఇమడక రౌండ్ అయింది), 7 ఇన్‌వ్యాలిడ్, అంటే 0ని 0తో భాగించడం, రుణ సంఖ్యకు వర్గమూలం లాంటివి. 0 గానీ, రుణ సంఖ్య గానీ ఉంటే లెక్కకు సంబంధం లేదు, ఎవరో 'కిల్' కమాండ్‌తోనో మరో ప్రోగ్రామ్ నుంచో సిగ్నల్ పంపారని అర్థం.

తర్వాత 'ఎక్స్ స్లాష్ ఐ డాలర్ పీసీ' అంటే పడిపోయిన ఇన్‌స్ట్రక్షన్ కనిపిస్తుంది (పీసీ అంటే ప్రోగ్రామ్ ఆగిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామా ఉండే రిజిస్టర్). 'ఐడివ్' లేదా 'డివ్' అని ఉంటే అది పూర్ణాంకాలది. 'డివ్‌ఎస్‌డీ', 'ఎస్‌క్యూఆర్‌టీఎస్‌డీ' లాంటివి ఉంటే ఫ్లోటింగ్ పాయింట్‌ది. కోర్ ఫైలు లేకపోయినా పూర్ణాంకాల కేసుకు ఇంకో ఆధారం ఉంది. కెర్నెల్ లాగ్‌లో, అంటే 'డీమెసేజ్'లో, ప్రోగ్రామ్ పేరు పక్కనే 'ట్రాప్ డివైడ్ ఎర్రర్' అన్న మాటా, ఆ ఇన్‌స్ట్రక్షన్ చిరునామా రాసి ఉంటాయి.

కోడ్ 1 వచ్చి, భాజకం మాత్రం సున్నా కాదని లాగ్‌లు చెబుతుంటే తల పట్టుకోవద్దు. 32 బిట్ల పూర్ణాంకాల్లో అతి చిన్నదైన -2147483648ని -1తో భాగిస్తే భాగలబ్ధం 2147483648 రావాలి. 32 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647. ఒక్కటి ఎక్కువైంది, పట్టదు. సీపీయూ దీనికీ సున్నాతో భాగించినప్పుడు వేసే అదే 0వ నంబరు ఎక్సెప్షన్ వేస్తుంది, కెర్నెల్ అదే కోడ్ 1 పంపుతుంది. శేషం మాత్రమే అడిగినా తేడా లేదు, ఎందుకంటే 'ఐడివ్' భాగలబ్ధాన్నీ శేషాన్నీ ఒకేసారి లెక్కగడుతుంది. భాజకం సున్నానా అని ఒక్కటే చూసుకునే కోడ్ ఇక్కడే దొరికిపోతుంది. బయటి నుంచి వచ్చే సంఖ్యలను భాగించే ప్రతిచోటా ఈ రెండో షరతు కూడా పెట్టండి.

నాన్ ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలంటే

అసలు కష్టమైన సమస్య దీనికి తిరగబడి ఉంటుంది. ప్రోగ్రామ్ పడిపోదు, చివర్లో జవాబుల నిండా నాన్‌లు ఉంటాయి. ఎప్పుడో పదివేల లెక్కల కిందట పుట్టిన ఒక్క నాన్ తనతో కలిసిన ప్రతి సంఖ్యనూ నాన్ చేసుకుంటూ వస్తుంది. 1985లో వచ్చిన ఐట్రిపుల్ఈ 754 ప్రమాణం ఎంచుకున్న పద్ధతే ఇది. ఐదు రకాల ఎక్సెప్షన్లలో ఏది జరిగినా ఒక ఫ్లాగ్ పైకెత్తి, ఒక నిర్ణీత జవాబు ఇచ్చి, ముందుకు సాగాలి. అది మంచి నిర్ణయమే. కానీ డీబగ్ చేసేటప్పుడు మనకు కావలసింది మొదటి నాన్ పుట్టిన క్షణంలోనే ఆగడం.

ఆ స్విచ్ సీపీయూలోని 'ఎంఎక్స్‌సీఎస్‌ఆర్' అనే రిజిస్టర్‌లో ఉంది. 0 నుంచి 5 వరకు బిట్లు ఫ్లాగ్‌లు. ఒకసారి లేచాక ఎవరైనా చెరిపేదాకా అలాగే ఉంటాయి. 7 నుంచి 12 వరకు బిట్లు మాస్క్‌లు. మాస్క్ 1 ఉంటే ఆ రకం ఎక్సెప్షన్ నోరెత్తదు, 0 చేస్తే ట్రాప్ అవుతుంది, అంటే సీపీయూ అక్కడే ఆగి కెర్నెల్‌ను పిలుస్తుంది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు రిజిస్టర్ విలువ హెక్సాలో 1ఎఫ్80, అంటే ఆరు మాస్క్‌లూ వేసి ఉన్నాయి. మాస్క్ తీసిన చోట తప్పు జరిగితే సీపీయూ 19వ నంబరు ఎక్సెప్షన్ వేస్తుంది. కెర్నెల్ ఆ థ్రెడ్ రిజిస్టర్‌ను చూసి, లేచిన ఫ్లాగ్‌లలో మాస్క్ లేనిదేదో తీసుకుని, దానికి తగిన కోడ్‌తో సిగ్‌ఎఫ్‌పీఈ పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పని ఇంతే. ఆగాలా సాగాలా అన్నది ఆ రిజిస్టరే నిర్ణయిస్తుంది, అది ప్రతి థ్రెడ్‌కూ వేరు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి, కింద వచ్చే చిక్కుల్లో సగం దీన్ని మరచినందువల్లే.

సీ ప్రోగ్రామ్‌లో ట్రాప్‌లు తెరవడానికి: 'గ్నూ సోర్స్' మాక్రో నిర్వచించి, 'ఎఫ్‌ఎన్వ్ డాట్ హెచ్' హెడర్ చేర్చండి. మెయిన్ మొదట్లో ముందుగా 'ఫీ క్లియర్ ఎక్సెప్ట్'తో పాత ఫ్లాగ్‌లన్నీ చెరపండి. ఆ తర్వాత ఇన్‌వ్యాలిడ్, డివ్-బై-జీరో, ఓవర్‌ఫ్లో మూడింటినీ కలిపి 'ఫీ ఎనేబుల్ ఎక్సెప్ట్'కు ఇవ్వండి. లింక్ చేసేటప్పుడు మ్యాథ్ లైబ్రరీని కలపడం మరవకండి. పని జరిగిందో లేదో జీడీబీలో 'పీ డాలర్ ఎంఎక్స్‌సీఎస్‌ఆర్' అని చూసుకోవచ్చు. ముందు ఐఎం, డీఎం, జెడ్‌ఎం, ఓఎం, యూఎం, పీఎం అని ఆరు పేర్లు ఉన్న చోట ఇప్పుడు డీఎం, యూఎం, పీఎం మూడే మిగులుతాయి. విలువ హెక్సాలో 1900.

ఇనెగ్జాక్ట్ ట్రాప్ మాత్రం ఎప్పుడూ తెరవకండి. 0.1కి 0.2 కలపడం కూడా రౌండింగే, మొదటి లైన్లలోనే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అండర్‌ఫ్లో కూడా వద్దు. -800 ఘాతంతో ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే జవాబు సున్నాకు పడిపోవడం సహజమే, అందులో తప్పేం లేదు.

సోర్స్ చేతిలో లేకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్‌లో పై రెండు పిలుపులూ ఉన్న చిన్న షేర్డ్ లైబ్రరీ తయారుచేసి 'ఎల్‌డీ ప్రీలోడ్'తో ఎక్కించడం. రెండోది, జీడీబీలో మెయిన్ దగ్గర ఆగి 'సెట్ డాలర్ ఎంఎక్స్‌సీఎస్‌ఆర్' తో హెక్సా 1900 పెట్టడం. జీడీబీ నుంచి 'కాల్' కమాండ్‌తో 'ఫీ ఎనేబుల్ ఎక్సెప్ట్'ను పిలిస్తే పని జరగదు. ఫంక్షన్ నడిచి సరైన జవాబే ఇస్తుంది, కానీ అది తిరిగి రాగానే జీడీబీ రిజిస్టర్లన్నిటినీ పాత విలువలకు తిప్పేస్తుంది. మీరు తెరిచిన ట్రాప్ కూడా వాటితోనే మూసుకుపోతుంది.

లాంగ్ డబుల్ వాడే కోడ్ పాత ఎక్స్87 యూనిట్ మీద నడుస్తుంది. దాని కంట్రోల్ వర్డ్ వేరు, మొదటి విలువ హెక్సాలో 037ఎఫ్. 'ఫీ ఎనేబుల్ ఎక్సెప్ట్' రెండింటినీ మారుస్తుంది, జీడీబీలో చేత్తో ఒక్క ఎంఎక్స్‌సీఎస్‌ఆర్ మారిస్తే ఎక్స్87 అలాగే ఉండిపోతుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఎస్‌ఎస్‌ఈ (మామూలు ఫ్లోట్, డబుల్ లెక్కలు చేసే యూనిట్) ఇన్‌స్ట్రక్షన్ తప్పు చేసిన చోటే ఆగుతుంది. ఎక్స్87 మాత్రం తర్వాతి ఎక్స్87 ఇన్‌స్ట్రక్షన్ వచ్చేదాకా ఆగి అప్పుడు చెబుతుంది. అప్పుడు చూడాల్సింది పీసీని కాదు, 'ఇన్ఫో ఫ్లోట్'లో కనిపించే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌ను.

తప్పుడు అలారాలు

ట్రాప్ తెరిచాక మొదటిసారి ఆగిన చోటే అసలు దోషి అనుకోవద్దు. ట్రాప్ తెరవకముందే పుట్టిన నాన్‌ను కూడినా గుణించినా కొత్త ఎక్సెప్షన్ రాదు. దాన్ని 'కంటే తక్కువ' గుర్తుతో పోల్చగానే మాత్రం ఇన్‌వ్యాలిడ్ వస్తుంది, 'సమానమా' అని పోలిస్తే రాదు. మొదటిదానికి జీసీసీ కంపైలర్ 'కొమ్‌ఐఎస్‌డీ' వాడుతుంది, రెండోదానికి 'యూకొమ్‌ఐఎస్‌డీ'. పీసీ దగ్గర 'కొమ్‌ఐఎస్‌డీ' కనిపిస్తే నాన్ అంతకుముందే వచ్చి చేరిందని తెలుసుకుని, ఆ సంఖ్య ఎక్కడి నుంచి చదివారో వెనక్కి వెళ్లండి. ఇన్‌పుట్ ఫైల్లో ఖాళీ గడి ఉంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

కంపైలర్ తెచ్చిపెట్టేవి ఇంకో రకం. భాజకం సున్నా కాకపోతేనే భాగించమని మీరు లూప్ రాశారు. ట్రాప్‌లు ఎవరూ వాడరని నమ్మే కంపైలర్ దాన్ని వెక్టరైజ్ చేసి (చాలా గడులను ఒకేసారి లెక్కించేలా మార్చి), అన్ని గడులనూ ముందే భాగించేసి, అక్కరలేని జవాబులను తర్వాత పారేస్తుంది. మామూలుగా దీనివల్ల నష్టం లేదు, ట్రాప్ తెరిచి ఉంటే మాత్రం మీ కోడ్ సరిగా ఉన్నా పడిపోతుంది. జీసీసీ డిఫాల్ట్‌గా ట్రాప్‌లు ఉండవచ్చనే అనుకుంటుంది, వేగం కోసం లెక్కల నియమాలు సడలించే 'ఫాస్ట్ మ్యాథ్' ఆప్షన్ ఇస్తే ఆ జాగ్రత్త పోతుంది. క్లాంగ్ డిఫాల్ట్‌గా పట్టించుకోదు, 'ఎఫ్‌పీ ఎక్సెప్షన్ బిహేవియర్' ఆప్షన్‌కు 'మే ట్రాప్' అని ఇవ్వాలి. ఇక పరీక్ష కోసం 1.0ని 0.0తో భాగించి చూస్తే ట్రాప్ రాకపోవచ్చు, ఎందుకంటే కంపైలర్ ఆ లెక్క తనే చేసేసి జవాబు పెట్టేస్తుంది. భాజకాన్ని 'వోలటైల్' చేసి పరీక్షించండి.

హ్యాండ్లర్ రాసేటప్పుడు

సిగ్‌ఎఫ్‌పీఈ హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడవడానికి మీరు పెట్టిన ఫంక్షన్) నుంచి ఊరికే తిరిగొస్తే అదే ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ నడుస్తుంది, మళ్లీ సిగ్నల్, మళ్లీ హ్యాండ్లర్. బయటికి కనిపించేది ఒక కోర్ వంద శాతం మండుతూ, ప్రోగ్రామ్ కదలకుండా ఉండటం. ఇలా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. సిగ్నల్‌ను ఇగ్నోర్‌లో పెట్టినా, బ్లాక్ చేసినా తప్పించుకోలేరు. లెక్క వల్ల వచ్చిన సిగ్‌ఎఫ్‌పీఈని కెర్నెల్ బలవంతంగా డిఫాల్ట్‌కు మార్చి ప్రాసెస్‌ను చంపుతుంది.

'సిగ్‌యాక్షన్'ను 'ఎస్‌ఏ సిగ్‌ఇన్ఫో'తో పెట్టండి, కోడ్, చిరునామా రెండూ చేతికొస్తాయి. లోపల 'ప్రింట్‌ఎఫ్' వాడకండి, 'రైట్' చాలు. స్టాక్ కావాలంటే 'బ్యాక్‌ట్రేస్'ను ప్రోగ్రామ్ మొదట్లోనే ఒకసారి ఊరికే పిలిచి ఉంచండి, మొదటి పిలుపు లైబ్రరీని లోడ్ చేస్తుంది, ఆ పని హ్యాండ్లర్‌లో జరగకూడదు. కోర్ ఫైలే కావాలంటే అక్కడే 'అబార్ట్' చేయడం అన్నిటికన్నా శుభ్రమైన పని.

బతికించి ముందుకు నడపాలంటే, హ్యాండ్లర్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా వచ్చే కాంటెక్స్ట్‌లో దాచి ఉన్న ఎంఎక్స్‌సీఎస్‌ఆర్‌లో మాస్క్ బిట్ వేసి, ఫ్లాగ్ చెరిపి తిరిగి రావాలి. అప్పుడు ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ నడిచి మామూలు నాన్ ఇచ్చి సాగిపోతుంది. హ్యాండ్లర్ లోపల 'ఫీ డిసేబుల్ ఎక్సెప్ట్' పిలవడం వల్ల ప్రయోజనం ఉండదు. ఎక్స్86 లినక్స్‌లో కెర్నెల్ పాత విలువను సిగ్నల్ ఫ్రేమ్‌లో దాచి, హ్యాండ్లర్‌ను తాజా 1ఎఫ్80తో మొదలుపెడుతుంది, తిరిగొచ్చేటప్పుడు దాచిందే మళ్లీ ఎక్కుతుంది.

ఇదే విషయం, హ్యాండ్లర్ నుంచి ముందే గుర్తుపెట్టుకున్న చోటికి నేరుగా దూకే 'సిగ్‌లాంగ్‌జంప్' వాడేవాళ్లను ఇంకోలా దెబ్బతీస్తుంది. దూకి బయటపడితే దాచిన విలువ తిరిగి ఎక్కదు. జీలిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) జంప్ బఫర్‌లో ఎంఎక్స్‌సీఎస్‌ఆర్ ఉండదు. కాబట్టి మొదటి తప్పు బాగా పట్టుబడుతుంది, ఆ తర్వాత ఆ థ్రెడ్‌లో ట్రాప్‌లు మూతపడి ఉంటాయి, రెండో తప్పు నిశ్శబ్దంగా జారిపోతుంది. దూకి దిగిన చోట 'ఫీ ఎనేబుల్ ఎక్సెప్ట్' మళ్లీ పిలవండి.

థ్రెడ్‌ల సంగతి కూడా ఇక్కడే. లినక్స్‌లో కొత్త థ్రెడ్ తనను పుట్టించిన థ్రెడ్ విలువను తెచ్చుకుంటుంది. ట్రాప్ తెరవకముందే పుట్టిన థ్రెడ్ పూల్‌కు మీరు మెయిన్‌లో తెరిచినా తెలియదు. పూల్ కట్టే ముందే తెరవండి, కుదరకపోతే ప్రతి వర్కర్ మొదట్లో తెరవండి.

భాషల రన్‌టైమ్‌లు ఏం చేస్తాయి

జావాలో ఫ్లోటింగ్ పాయింట్ లెక్క ఎక్సెప్షన్ వేయదని భాషే హామీ ఇస్తుంది. పూర్ణాంక భాగహారానికి మాత్రం అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్ రావాలి. హాట్‌స్పాట్ జేవీఎంలో ఎక్స్86 మీద ఇంటర్‌ప్రెటర్, సీ1 కంపైలర్ భాజకం సున్నానా అని విడిగా చూడవు. 'ఐడివ్' వేసేసి, సిగ్‌ఎఫ్‌పీఈ వస్తే దాన్ని జావా ఎక్సెప్షన్‌గా మారుస్తాయి. -2147483648ని -1తో భాగించే కేసును మాత్రం ముందే పక్కకు తీస్తాయి, ఎందుకంటే అక్కడ జావా ఎక్సెప్షన్ కాకుండా అదే సంఖ్యను ఇవ్వాలి. దీని ఫలితం ఏమిటంటే, జేఎన్ఐ (జావా నుంచి సీ కోడ్‌ను పిలిచే మార్గం) ద్వారా ఎక్కిన మీ సీ లైబ్రరీ సొంత సిగ్‌ఎఫ్‌పీఈ హ్యాండ్లర్ పెట్టిందంటే, జావా కోడ్‌లో క్యాచ్ కావాల్సిన సున్నా భాగహారం కాస్తా మొత్తం ప్రాసెస్‌ను పడగొడుతుంది. 'లిబ్‌జేసిగ్'ను ప్రీలోడ్ చేస్తే రెండు హ్యాండ్లర్లూ గొలుసుగా నడుస్తాయి. లైబ్రరీ ట్రాప్‌లు తెరిచి వదిలేసిందన్న అనుమానం ఉంటే 'ఎక్స్‌చెక్ జేఎన్ఐ'తో నడపండి, ఎంఎక్స్‌సీఎస్‌ఆర్ మారితే హెచ్చరిస్తుంది. 'రీస్టోర్ ఎంఎక్స్‌సీఎస్‌ఆర్ ఆన్ జేఎన్ఐ కాల్స్' అనే ఆప్షన్ దాన్ని ప్రతి పిలుపు తర్వాత సరిచేస్తుంది.

పైథాన్ ఇందుకు భిన్నం. భాగించే ముందే భాజకాన్ని చూసి జీరో డివిజన్ ఎర్రర్ వేస్తుంది, హార్డ్‌వేర్ దాకా వెళ్లదు. పైథాన్‌లో సంఖ్యల అరేలకు వాడే నమ్‌పై లైబ్రరీ ఫ్లాగ్‌లను నమ్ముకుంటుంది. ఒక అరే లెక్క ముందు చెరిపి, తర్వాత చదివి, సున్నా భాగహారం, ఓవర్‌ఫ్లో, ఇన్‌వ్యాలిడ్‌లకు హెచ్చరిక ఇస్తుంది, అండర్‌ఫ్లోను వదిలేస్తుంది. 'ఎర్‌స్టేట్'లో 'రెయిజ్' పెడితే హెచ్చరిక ఎక్సెప్షన్ అవుతుంది, నమ్‌పై కోడ్‌కు ముందు ఇదే చేయండి. దోషి ఏదో సీ ఎక్స్‌టెన్షన్ లోపల ఉంటే, 'ఎక్స్ ఫాల్ట్‌హ్యాండ్లర్' ఆప్షన్‌తో పైథాన్ మొదలుపెట్టి, సీటైప్స్ ద్వారా మ్యాథ్ లైబ్రరీ 'ఫీ ఎనేబుల్ ఎక్సెప్ట్'కు 13 ఇవ్వండి (1, 4, 8 కలిపితే 13). పడిపోయేటప్పుడు ఏ పైథాన్ లైన్ నుంచి లోపలికి వెళ్లిందో రాసి పోతుంది.

గో కంపైలర్ పూర్ణాంక భాగహారానికి ముందు సున్నా చెక్ పెడుతుంది, రస్ట్ సున్నాతో పాటు ఆ -1 కేసునూ చూసి పానిక్ అవుతుంది. జీసీసీ వారి ఫోర్‌ట్రాన్ కంపైలర్‌లో 'ఎఫ్‌ఎఫ్‌పీఈ ట్రాప్' ఆప్షన్ ఉంది, మెయిన్ ప్రోగ్రామ్ ఉన్న ఫైలును కంపైల్ చేసేటప్పుడు ఇస్తేనే పనిచేస్తుంది. ఎస్‌బీసీఎల్ అనే కామన్ లిస్ప్ మాత్రం మొదటి నుంచే ఓవర్‌ఫ్లో, ఇన్‌వ్యాలిడ్, సున్నా భాగహారం ట్రాప్‌లు తెరిచి ఉంచుతుంది. అందుకే దాని నుంచి గ్రాఫిక్స్ లైబ్రరీలను పిలిస్తే, మిగతా అన్ని చోట్లా బాగా నడిచే ఆ లైబ్రరీలు ఇక్కడ పడిపోతాయి. ఆ పిలుపును 'విత్ ఫ్లోట్ ట్రాప్స్ మాస్క్‌డ్'లో చుట్టాలి. సీలో ఇదే పని 'ఫీ హోల్డ్ ఎక్సెప్ట్'తో మొదలుపెట్టి 'ఫీ సెట్ ఎన్వ్'తో ముగించండి. 'ఫీ అప్‌డేట్ ఎన్వ్' వాడితే మధ్యలో లేచిన ఫ్లాగ్‌లను మళ్లీ ఎత్తుతుంది, ట్రాప్ తెరిచి ఉంటే అక్కడే పడిపోతారు.

ఆర్మ్ మెషిన్‌కు మారితే

ఆర్మ్ 64 బిట్ల సీపీయూలో పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే 0 వస్తుంది, సిగ్నల్ రాదు. రిస్క్-ఫైవ్‌లో -1 వస్తుంది. ఇంటెల్ మీద వెంటనే పడిపోయి దొరికిన బగ్ అక్కడ తప్పుడు అంకెగా మారి డేటాబేస్‌లోకి చేరుతుంది, ఇది పడిపోవడం కంటే ప్రమాదం. ఫ్లోటింగ్ పాయింట్ ట్రాప్‌లు ఆర్మ్‌లో ఐచ్ఛికం, చాలా కోర్‌లలో లేవు. బిట్ రాసినా నిలవదు. అందుకే 'ఫీ ఎనేబుల్ ఎక్సెప్ట్' -1 ఇచ్చిందేమో తప్పక చూడండి. రిస్క్-ఫైవ్‌లో ఆ ట్రాప్‌లే లేవు. ఆపిల్ ఎం సిరీస్‌లో ఉన్నాయి కానీ మాక్‌ఓఎస్ సిగ్‌ఎఫ్‌పీఈకి బదులు సిగ్‌ఇల్ పంపుతుంది, పైగా ఆ సీ ఫంక్షనూ అక్కడ ఉండదు.

ట్రాప్ లేని చోట ఫ్లాగ్‌లే దిక్కు. అనుమానం ఉన్న ఫంక్షన్ ముందు ఫ్లాగ్‌లు చెరిపి, తర్వాత 'ఫీ టెస్ట్ ఎక్సెప్ట్'తో చూడండి. లేచి ఉంటే ఆ ఫంక్షన్‌ను సగానికి విడగొట్టి మళ్లీ చూడండి. ఓపిక కావాలి, కానీ ఏ మెషిన్ మీదైనా పనిచేస్తుంది. ఫ్లాగ్‌లూ థ్రెడ్‌కు సంబంధించినవే కాబట్టి చెరపడం, చూడడం ఒకే థ్రెడ్‌లో జరగాలి.

రిజిస్టర్‌లో 9ఎఫ్‌సీ0 కనిపిస్తే

కొన్నిసార్లు ఎంఎక్స్‌సీఎస్‌ఆర్ హెక్సాలో 9ఎఫ్‌సీ0 అని ఉంటుంది. మాస్క్‌లన్నీ ఉన్నాయి, అదనంగా 6, 15 బిట్లు లేచాయి. అంటే అతి సూక్ష్మమైన డీనార్మల్ సంఖ్యలను సున్నాగా చూడమని ఎవరో చెప్పారు. మామూలుగా రెండు సంఖ్యలు సమానం కాకపోతే వాటి తేడా సున్నా కాదని ఐట్రిపుల్ఈ లెక్క హామీ ఇస్తుంది. ఈ బిట్లు లేచాక ఆ హామీ పోతుంది. 'రెండూ సమానం కాకపోతే తేడాతో భాగించు' అన్న మీ సరైన కోడ్ సున్నాతో భాగిస్తుంది. తరచుగా దీని మూలం ఫాస్ట్ మ్యాథ్‌తో కట్టిన ఏదో షేర్డ్ లైబ్రరీ. జీసీసీ 13కు ముందు అలాంటి లైబ్రరీ లోడ్ కాగానే ఈ బిట్లు ఎత్తే కోడ్ కూడా నడిచేది. మెయిన్ మొదట్లో ఒకసారి, ప్రతి 'డీఎల్‌ఓపెన్' (ప్రోగ్రామ్ నడుస్తుండగా లైబ్రరీ ఎక్కించే పిలుపు) తర్వాత ఒకసారి విలువ ముద్రించి చూడండి. ఏ లైబ్రరీ తర్వాత మారిందో తెలిశాక, దాన్ని ఫాస్ట్ మ్యాథ్ లేకుండా మళ్లీ కట్టండి. కట్టే వీలు లేకపోతే, లోడ్ అయిన వెంటనే, కొత్త థ్రెడ్‌లు పుట్టకముందే రిజిస్టర్‌ను 1ఎఫ్80కి తిప్పండి.